గిన్నె శిలీంధ్రానికి కొత్త పేరు పెట్టే ముందు

(నెల్లూరులో వృక్షశాస్త్రం చదివే పీజీ విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

స్వాతి కార్తెలో ముసురు పట్టి నాలుగు రోజులకు వదిలిందనుకోండి. పెంచలకోన వాగు వెంబడి ఎండుటాకుల్ని చేత్తో తొలగించుకుంటూ పోతే, కుళ్లిన పుల్ల మీద ఆవగింజంతవి, మహా అయితే పెసరగింజంతవి, వరసగా ప్రమిదలు పేర్చినట్టు కనిపిస్తాయి. పసుపు, నారింజ, తెలుపు, ఒక్కోసారి పాచి రంగు. కుక్కగొడుగు అందామంటే గొడుగే లేదు. అందుకని ఈ పూటకు వీటిని గిన్నె శిలీంధ్రాలు అందాం.

పుస్తకాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెతకమని ఉంటుంది. ఆ లెక్క మన జిల్లాకు కుదరదు. మనకు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంలో పడేదే. వెలిగొండల్లో చిత్త, స్వాతి, విశాఖ కార్తెలే వీటి కాలం. వాన పడ్డ మర్నాడే పోతే ఏమీ ఉండదు. పుల్ల లోపల శిలీంధ్రపు తంతువులు తడి తాగి, గిన్నె కట్టి, అందులో బీజాలు ముదరాలి కదా. తడి ఆరకుండా వారం, పది రోజులు గడిచాక పోవాలి.

సరే, ఒకటి దొరికింది. ఏ పుస్తకంలోనూ కలవలేదు. కొత్త జాతి అని ప్రకటించాలి. ఎలా? ఈ పూట నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: దాన్ని బతికుండగా కొలవాలి. ఎండిపోయాక కొలిచింది సగం వర్ణనే. పాత వర్ణనల్లో చాలావరకు అలా సగంలో ఆగినవే. ఇవాళ మనం పోల్చుకోలేక తలపట్టుకోవడానికి అదొక పెద్ద కారణం.

ముందు గిన్నె నిర్మాణం గబగబా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. గిన్నె లోపలి పొర హైమీనియం. అందులో నిలువుగా పొడుగాటి సంచులు, అవి ఆస్కస్‌లు. ఒక్కో దాంట్లో మామూలుగా 8 సిద్ధబీజాలు (స్పోర్లు). సంచుల మధ్య బీజాలు కట్టని సన్నటి తంతువులు, వాటిని పారాఫైసిస్ అంటాం. గిన్నె గోడ ఎక్సిపులం. దానికి బయటి పొర, లోపలి పొర వేరువేరుగా ఉంటాయి. సంచిలో నీటి ఒత్తిడి పెరిగి పెరిగి, కొస తెగి, బీజాలు ఒక్కసారిగా బయటికి చిమ్ముతాయి. కాస్త పెద్ద గిన్నె మీద ఊపిరి వదిలితే పొగలాగా లేస్తుందే, అది వేల సంచులు ఒకేసారి పేలడం.

ఆ కొస ఎలా తెగుతుందన్నదే మొదటి ప్రశ్న. కీలు ఉన్న మూతలా తెరుచుకుంటే ఒక వర్గం, సన్నటి చిల్లులోంచి చిమ్మితే ఇంకో వర్గం. ఈ తేడాను పట్టుకుని 1885లో వర్గీకరణ కట్టిన ఎమిల్ బూడియే ఫ్రాన్సులో ఒక మందుల షాపు ఆయన. నూట నలభై ఏళ్లయినా మొదట చూసేది అదే. మూత ఉంటే పెజీజోమైసెటీస్ అనే తరగతి వైపు, చిల్లు అయితే ఎక్కువసార్లు లియోషియోమైసెటీస్ అనే తరగతి వైపు. చిన్న అడవి గిన్నెల్లో రెండో రకమే ఎక్కువ. అక్కడే పని కష్టం, అక్కడే కొత్తవి దొరికే అవకాశమూ ఎక్కువ.

అసలు అది గిన్నె శిలీంధ్రమేనా అన్నది కూడా చూసుకోవాలి. పక్షిగూడు శిలీంధ్రం, సయాథస్, గిన్నెలాగే ఉంటుంది. కానీ లోపల గుడ్లలాంటి బిళ్లలుంటాయి, కంటికే తెలిసిపోతుంది. మోసం చేసేది లాక్నెల్లా లాంటివి. తెల్లటి నూగుతో, మిల్లీమీటరు గిన్నెతో, అచ్చం లాక్నమ్ అనే నూగు గిన్నె శిలీంధ్రంలా కనిపిస్తాయి. తీరా సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆస్కస్ ఉండదు, బీజాల్ని బయటివైపు మోసే బెసీడియం ఉంటుంది. అంటే అది పుట్టగొడుగుల వైపు చుట్టం. లెన్సుతో చూసి ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు, రాసేసేవాళ్లు పడే గుంట ఇదే.

ఇప్పుడు అడవిలోకి. పెనుసిల నరసింహ అభయారణ్యంలో గానీ, ఏ రిజర్వు అడవిలో గానీ, అనుమతి కాగితం చేతిలో లేకుండా పుల్ల కూడా ముట్టకండి. అభయారణ్యానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తులో "శిలీంధ్రాలు" అని రాసి ఊరుకుంటే చాలదు. "శిలీంధ్రాలు, వాటిని మోస్తున్న ఎండు పుల్లలు, ఆకులు" అని స్పష్టంగా రాయండి. మన కొండలు ఎర్రచందనం కొండలు. సంచిలో ఎర్రచందనం పుల్ల ముక్క కనబడితే, దాని మీద గిన్నె ఉందని చెక్‌పోస్టు దగ్గర వివరించడం ఎవరికీ వేడుక కాదు. అలాంటి పుల్ల తప్పనిసరైతే అక్కడి సిబ్బందికి చూపించి, రాయించుకుని తీసుకురండి.

సేకరించేటప్పుడు గిన్నెను పుల్ల నుంచి పీకకండి. చిన్న కత్తితో పుల్లతోపాటు రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కోయండి. గిన్నెను పీకితే కాడ అడుగు, అక్కడుండే రోమాలు, తంతువుల చాప, అన్నీ పుల్లకే ఉండిపోతాయి. ఆ ముక్కను గదులున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, హోమియోపతి మాత్రలకో పూసలకో వాడే డబ్బా చాలు. గదికి కొంచెం తడి టిష్యూ. తడి అంటే పిండితే నీరు రాని తడి. అన్నిటినీ ఒకే పాలిథిన్ సంచిలో వేశారంటే బస్సు దిగేసరికి చెమట పట్టి, ట్రైకోడెర్మా పచ్చబూజు ఎక్కేస్తుంది. డబ్బాను ఎండలో వదిలేసిన కారులో ఉంచితే ఇంతే సంగతులు.

లేత, నడి, ముదురు దశలు మూడూ వచ్చేలా పదిహేను ఇరవై గిన్నెలు ఉంటే మేలు. ఉన్నవన్నీ ఊడ్చుకురావద్దు. నోటు పుస్తకంలో తేదీ, జీపీఎస్, ఎత్తు, చుట్టూ ఉన్న చెట్లు, పుల్లకు బెరడు ఉందా లేదా, ఆకు అయితే పైవైపా కిందివైపా, ఈనె మీదా కాడ మీదా రాయాలి. ఆతిథేయి, అంటే గిన్నె మొలిచిన పుల్లో ఆకో ఏ చెట్టుదో ఆ చెట్టు, పేరు దగ్గర చాలామంది జారతారు. కుళ్లిన పుల్ల చూసి "నేరేడు" అని రాసేస్తారు. పైన నేరేడు చెట్టుంటే పడిన పుల్ల నేరేడుదే అవ్వాలని ఏముంది? వాగులో ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో. ఆకు అంటుకుని ఉంటేనో, బెరడు స్పష్టంగా ఉంటేనో, చెక్కను అడ్డంగా కోసి పోల్చితేనో పేరు రాయండి. లేదంటే "గుర్తించని వెడల్పాకు చెట్టు పుల్ల, బెరడు ఊడినది" అని రాయండి. ఆ మాటలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తప్పు ఆతిథేయి పేరు మాత్రం యాభై ఏళ్లపాటు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి పాకుతుంది.

రంగు అక్కడికక్కడే రాయాలి. "పసుపు" అంటే సరిపోదు. మన ఇళ్లలో కొమ్ము పసుపు రంగూ పసుపే, నిమ్మపండు రంగూ పసుపే. రంగుల పట్టీ ఏదైనా, మున్సెల్ గానీ ఆర్.ఎ.ఎల్. గానీ, దాని నంబరు రాయండి. ఫోటోలో పక్కన స్కేలు, బూడిదరంగు కార్డు పెట్టండి. చెట్ల నీడలో తీసిన ఫోటో అంతా ఆకుపచ్చగా మారుతుంది, కార్డు ఉంటే తర్వాత సరిచేసుకోవచ్చు. ఎండితే రంగు ఎలా మారుతోందో, గిన్నె అంచు లోపలికి ముడుచుకుంటోందో చూసి అది కూడా రాయండి. తాజాగా తెల్లగా ఉండి, ఎండితే ఎర్రబడేవి ఉన్నాయి. అది జాతి లక్షణం.

ఇక ఆ రాత్రి బల్ల దగ్గర. మొదటి స్లైడు కుళాయి నీళ్లలో. రంగు లేదు, రసాయనం లేదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అసలే లేదు. ముదురు గిన్నెలోంచి సన్నటి ముక్క తీసి నీటి చుక్కలో పెట్టి కవర్‌స్లిప్ వేయండి. నొక్కకండి. నొక్కితే సంచులు చచ్చిపోతాయి. ఒక్క మాట, గదిలో ఫ్యాను ఆపండి. మన దగ్గర ఫ్యాను కింద నీటి స్లైడు పది నిమిషాల్లో ఆరుతుంది, ఆరుతున్నకొద్దీ కొలతలు తగ్గుతుంటాయి. కవర్‌స్లిప్ అంచున అప్పుడప్పుడు చుక్క నీరు అందించండి.

బతికున్న సంచిలో చూడాల్సినవి చాలా ఉన్నాయి. ముదిరిన సంచి హైమీనియం మట్టం దాటి పైకి పొడుచుకొస్తుంది. బీజాల్లో నూనె బొట్లు ఎన్ని, ఏ సైజు, ఎక్కడ అన్నది లెక్కపెట్టాలి. చచ్చిన బీజంలో చిన్న బొట్లన్నీ కలిసి ఒక పెద్ద బొట్టయిపోతాయి. అది చూసి "ఒకే బొట్టు" అని రాస్తే జాతే మారిపోతుంది. పారాఫైసిస్‌లో మెరిసే గాజు కడ్డీల్లాంటి రసధానులు (కణంలో రసం నిండిన తిత్తులు) ఉంటాయి కొన్నిటిలో. హైడ్రాక్సైడ్ తగలగానే అవి మాయమవుతాయి. మొల్లీసియా గుంపులో కొన్నింటికైతే ఆ క్షణాన పసుపు రంగు బయటికొస్తుంది. ఎండబెట్టిన నమూనాలో ఇదేదీ ఉండదు, ఎన్నిసార్లు నానబెట్టినా తిరిగి రాదు.

సంచి చచ్చిందని ఎలా తెలుస్తుంది? లోపలి పదార్థం గరుకుగా, రవ్వగా మారి, గోడనుంచి విడిపోతుంది. వెడల్పు బాగా కుంచించుకుపోతుంది. జర్మనీకి చెందిన హాన్స్ ఓటో బరాల్ 1992లో ఈ విషయం మీద గట్టిగా రాశాడు. బతికున్న కణాల మీద చేసిన వర్గీకరణకూ, హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాలు దాచే చోట) ఉన్న ముక్కల మీద చేసిన వర్గీకరణకూ తేడా చూపించాడు. అప్పటినుంచి కొలతల ముందు గుర్తు పెట్టే అలవాటు వచ్చింది. బతికున్నదైతే నక్షత్రం, చచ్చినదైతే కత్తి గుర్తు. మీరు రెండూ కొలవండి. ముందు నీళ్లలో, తర్వాత అదే గిన్నెను 5 శాతం హైడ్రాక్సైడ్‌లో. ఎందుకంటే మీరు పోల్చాల్సిన పాత జాతుల కొలతల్లో చాలావరకు చచ్చినవాటివే. బతికున్న మీ అంకెను వాళ్ల చచ్చిన అంకెతో పోలిస్తే ప్రతి గిన్నే కొత్త జాతిలాగే కనిపిస్తుంది. కొత్త జాతులు పుట్టుకొచ్చే పొరపాట్లలో ఇదొకటి.

(సభలోంచి ప్రశ్న: సార్, ఎన్ని బీజాలు కొలవాలి?)

కనీసం 30. రెండు మూడు గిన్నెలనుంచి తీసుకోండి. సంచి లోపలివి కొలవొద్దు, అవి ఇంకా ముదరకపోయి ఉండొచ్చు. బయటికి చిమ్మినవే కొలవాలి. దానికి తడి పెట్రీ పళ్లెంలో గిన్నెను పుల్లతో సహా పెట్టి, దాని పైన అర సెంటీమీటరు ఎత్తున కవర్‌స్లిప్‌ను రెండు ముక్కల మీద ఆనించండి. తెల్లారేసరికి దాని అడుగున బీజాలు అంటుకుని ఉంటాయి. వాటిని నూనె లెన్సు కింద, 1000 రెట్ల వద్ద కొలవాలి. పొడవు, వెడల్పు, రెండింటి నిష్పత్తి. అరుదుగా వచ్చే కొస అంకెల్ని బ్రాకెట్లో, మామూలు పరిధిని బయట రాయాలి. సగటు, ఎన్ని కొలిచారో ఆ సంఖ్య తప్పనిసరి.

కొలబద్ద సంగతి కూడా చెప్పాలి. ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే లెన్సులో, ఉన్న గీతలు మైక్రాన్లు కావు, ఉత్త గీతలు. స్టేజ్ మైక్రోమీటర్ అనే కొలత స్లైడు మీద 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కోటి 10 మైక్రాన్లు. 40 లెన్సు కింద ఐపీస్ 40 గీతలు స్టేజ్ 10 గీతలతో కలిస్తే, 100 మైక్రాన్లు బై 40, ఒక్కో గీత 2.5 మైక్రాన్లు. ప్రతి లెన్సుకూ ఇది విడిగా చెయ్యాలి, ఆ చీటీ సూక్ష్మదర్శిని కాలికి అంటించాలి. వేరే సూక్ష్మదర్శిని చీటీ చూసి కొలిచేసి, బీజాలు రెట్టింపు పొడుగొచ్చాయని సంబరపడటం జరిగే పనే.

అయోడిన్ దగ్గర కొంచెం ఆగుదాం. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే పరీక్ష, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చే పరీక్ష. సంచి కొస అయోడిన్‌తో నీలమవుతుందా, ఎర్రబడుతుందా, ఏమీ కాదా? మూత వర్గంలోని పెజీజా అనే ప్రజాతిలో సంచి కొస నీలం. చిల్లు వర్గంలో ఆ చిల్లు చుట్టూ చిన్న ఉంగరం మాత్రమే రంగెక్కుతుంది, దాని ఆకారం కూడా గీయాలి. ద్రావణం రెండు రకాలు. మెల్జర్‌లో క్లోరల్ హైడ్రేట్ ఉంటుంది, ల్యూగాల్‌లో ఉండదు. చిక్కు ఏందంటే, కొన్ని సంచులు ల్యూగాల్‌లో ఎర్రగా రంగెక్కి, మెల్జర్‌లో ఏ రంగూ చూపించవు. మెల్జర్ ఒక్కటే వాడినవాళ్లు "రంగు రాలేదు" అని రాశారు. అలాంటి సంచికే ముందు హైడ్రాక్సైడ్ పెట్టి, కడిగి, తర్వాత అయోడిన్ పెడితే నీలం వస్తుంది. ఒకే ఉంగరానికి మూడు జవాబులు. కాబట్టి ముందు ల్యూగాల్, హైడ్రాక్సైడ్ తగలకుండా. తర్వాత ఇంకో ముక్కకు హైడ్రాక్సైడ్, కడిగి, ల్యూగాల్. ఏ వరసలో చేశారో వర్ణనలో రాయాలి.

ల్యూగాల్ చేసుకోవడం సులువే. పొటాషియం అయోడైడ్ 2 గ్రాములను ముందు ఐదారు మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించండి. అందులో అయోడిన్ 1 గ్రాము వేసి పూర్తిగా కరిగాక, మొత్తం 100 మిల్లీలీటర్లు చెయ్యండి. అయోడిన్‌ను నేరుగా నీళ్లలో వేస్తే కరగదు, అడుగున కూర్చుంటుంది. గోధుమరంగు సీసాలో పెట్టండి. కొన్ని నెలలకు బలం తగ్గుతుంది. వాడేముందు ఒక చుక్క అన్నం గంజిలో వేయండి, నల్లటి నీలం వస్తే ద్రావణం బాగుంది. గంజిలోనే రాకపోతే సంచిలో ఏం వస్తుంది?

కోత కోయడానికి జీలుగు బెండు చాలు. బెండును చీల్చి, గిన్నెను మధ్యలో ఇరికించి, కొత్త బ్లేడుతో నిలువుగా, సరిగ్గా మధ్యలోంచి కోయాలి. 20 నుంచి 30 మైక్రాన్ల మందం వస్తే సంతోషం. పక్కకు ఒరిగిన కోతలో గోడ రెట్టింపు మందంగా కనిపిస్తుంది. బయటి పొర కణాలు గుండ్రంగా ఉన్నాయా, మూలలు తేలి ఉన్నాయా, ఇటుకల్లా నిలువు వరసల్లో ఉన్నాయా, లోపలి పొర అల్లుకున్న దారాల్లా ఉందా, ఇవే ప్రజాతిని తేలుస్తాయి. అంచు దగ్గర, మధ్యలో, కాడ దగ్గర మూడు చోట్లా చూడండి, మూడూ ఒకేలా ఉండవు.

రోమాలుంటే వాటికో పేజీ. పొడవు, అడుగున వెడల్పు, అడ్డగోడలు ఎన్ని, గోడ మందం, కొస మొనదేలిందా ఉబ్బిందా, పైన రవ్వ ఉందా. లాక్నమ్ రోమాల మీద సన్నటి రవ్వ ఉంటుంది. స్కుటెల్లీనియా ప్రజాతిలో గిన్నె అంచున కనురెప్ప వెంట్రుకల్లా గోధుమరంగు రోమాలు. వాటి మొదలు గోడలోకి వేరులా దిగి, చీలి ఉంటుంది. ఎన్ని పాయలుగా చీలిందో లెక్కపెట్టాలి. స్కుటెల్లీనియా పారాఫైసిస్‌లో నారింజ రంగు పదార్థం, కెరోటినాయిడ్, ఉంటుంది, అయోడిన్ తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని చూసి సంచి రంగెక్కిందని భ్రమపడొద్దు. ఈ ప్రజాతిలో బీజం మీది బొడిపెలు నీళ్లలో సరిగా కనపడవు. లాక్టిక్ ఆమ్లంలో కాటన్ బ్లూ రంగు వేసి, స్పిరిట్ దీపం మీద ఆవిరి లేచేదాకా మాత్రమే వేడిచేసి, కొన్ని గంటలు వదిలేయండి. మరగనిస్తే బుడగలు తప్ప ఏమీ మిగలదు.

సంచి అడుగును కూడా చూడండి. అది ఎవరూ చూడరు. అడుగున కొంకిలాంటి వంపు ఉంటుంది కొన్నిటికి, మరికొన్నిటికి నేరుగా అడ్డగోడ మాత్రమే. హైడ్రాక్సైడ్ తర్వాత కాంగో రెడ్ రంగు వేస్తే తేలుతుంది. దీని విలువ తెలియాలంటే ఐరోపా యాష్ చెట్ల కథ వినాలి. 1990ల మొదట్లో పోలండులో ఆ చెట్లు కొసలనుంచి ఎండటం గమనించారు. 2006లో కారణమైన శిలీంధ్రానికి, అలైంగిక దశ చూసి, ఖలారా ఫ్రాక్సీనియా అని పేరు పెట్టారు. దాని లైంగిక దశ రాలిన ఆకుకాడల మీద వచ్చే కొద్ది మిల్లీమీటర్ల తెల్లగిన్నె అని తేలింది. అక్కడ ఎప్పటినుంచో ఉన్న హైమెనోస్కైఫస్ ఆల్బిడస్ అదే అనుకున్నారు. ఎప్పటినుంచో ఉన్న అమాయకపు గిన్నె ఇప్పుడెందుకు చెట్లను చంపుతోంది? డీఎన్ఏ చూస్తే అది వేరే జాతి. ముందు సూడోఆల్బిడస్ అన్నారు, 2014లో శాస్త్రీయ నామాల అంతర్జాతీయ నియమావళి ప్రకారం హైమెనోస్కైఫస్ ఫ్రాక్సీనియస్ అని స్థిరపడింది. తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే, చంపేదానికి సంచి అడుగున కొంకి ఉంది, అమాయకపుదానికి లేదు. పైకి మాత్రం రెండూ ఒకే తెల్లగిన్నె.

ఇప్పుడు భద్రపరచడం. 40 డిగ్రీల దగ్గర, గాలి ఆడేలా, ఒక రోజు ఆరబెట్టండి. ఎండలో వద్దు. 50 దాటితే డీఎన్ఏ కూడా, కణాలు కూడా పాడవుతాయి. ఫార్మలిన్‌లో ముంచితే డీఎన్ఏ ఆశ వదులుకోవాల్సిందే. రెండు గిన్నెల్ని విడిగా 95 శాతం ఆల్కహాల్‌లోనో సిలికా జెల్‌లోనో పెట్టండి. సిలికాతో ఆరిన నమూనాను కాగితం పొట్లంలో, పొట్లాన్ని డబ్బాలో. మన తీరపు తేమకు మూత లేని పొట్లం రెండు వానాకాలాలు కూడా నిలవదు, పురుగు పడుతుంది.

డీఎన్ఏకు, జాతిని గుర్తుపట్టడానికి చదివే ఐ.టి.ఎస్. అనే భాగం. 2012 నుంచి శిలీంధ్రాలకు అధికారిక బార్‌కోడ్ అదే. ఐ.టి.ఎస్.1ఎఫ్, ఐ.టి.ఎస్.4 ప్రైమర్లు, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రంలో 95 డిగ్రీల్లో 5 నిమిషాలు, తర్వాత 35 చక్రాలు: 95లో 30 సెకన్లు, 54లో 45 సెకన్లు, 72లో ఒక నిమిషం. చివర 72లో 7 నిమిషాలు. ఎక్కువసార్లు 500 నుంచి 750 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) మధ్య జెల్ మీద ఒకే పట్టీ రావాలి. రెండు పట్టీలొస్తే గిన్నె మీద ఇంకొకరు కాపురమున్నారని అర్థం. మిల్లీమీటరు గిన్నె మీద క్లాడోస్పోరియం బూజు, ఈస్టు ఉండటం మామూలే. ప్రజాతి స్థాయిలో వంశవృక్షం గీయడానికి ఎల్.ఎస్.యు. అనే ఇంకో డీఎన్ఏ భాగం కూడా చెయ్యండి, ఎల్.ఆర్.0.ఆర్., ఎల్.ఆర్.5 ప్రైమర్లతో.

మీ డీఎన్ఏ వరసను నిల్వలో ఉన్నవాటితో పోల్చే బ్లాస్ట్ ఫలితం చూసి నిర్ణయం తీసుకోకండి. "97 శాతం కన్నా తక్కువ, కాబట్టి కొత్త జాతి" అనే మాట వినబడుతూ ఉంటుంది. కొన్ని ప్రజాతుల్లో వేర్వేరు జాతులకే 99 శాతం కలుస్తుంది, ఇంకొన్నిటిలో ఒకే జాతిలో రెండు శాతం తేడా ఉంటుంది. జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ వరసల భండారంలో తప్పు పేరుతో కూర్చున్న వరసలు కూడా కొల్లలు. టైపు నమూనా, అంటే పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన నమూనా, దానినుంచి వచ్చిన వరసతో పోల్చితేనే ఆ పోలికకు విలువ. టైపు వరస లేకపోతే మళ్లీ సూక్ష్మదర్శినికే రావాలి. ఆ పాత టైపు లండన్‌లోని క్యూ హెర్బేరియంలోనో మరెక్కడో ఉండొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు శిలీంధ్రాలు చాలా అక్కడికే చేరాయి.

వర్ణన రాసేటప్పుడు ఎలా ఉండాలో రెండు వాక్యాల్లో చూపిస్తాను, అంకెలు కల్పితం: "గిన్నెలు విడివిడిగా, తడిమీద 0.8–1.6 మి.మీ. వెడల్పు, కాడ 0.3 మి.మీ. వరకు, లోపల నిమ్మపసుపు, ఎండితే ఇటుకరంగు, అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఆస్కస్ *95–110 × 9–10.5, †80–96 × 7–8.5 మైక్రాన్లు, 8 బీజాలు, ల్యూగాల్‌లో కొస ఉంగరం నీలం, అడుగున కొంకి ఉంది." ఇందులో "అందమైన", "చిన్న", "కాస్త" లాంటి మాటలు లేవు. "లేదు" అన్నదాన్ని కూడా రాయాలి: రోమాలు లేవు, వాసన లేదు. రాయకపోతే చూడలేదనుకుంటారు.

పేరు చట్టబద్ధం కావడానికి నియమావళిలో కొన్ని గట్టి షరతులున్నాయి. 2012 జనవరి 1 నుంచి వర్ణన గానీ, భేదం చెప్పే చిన్న వాక్యం గానీ, లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో ఎంత బాగా రాసినా పేరు పుట్టదు. 2013 జనవరి 1 నుంచి మైకోబ్యాంక్, ఇండెక్స్ ఫంగోరమ్, ఫంగల్ నేమ్స్ అనే ఈ మూడు నమోదు కేంద్రాల్లో ఒకచోట నమోదు చేసి, వచ్చిన నంబరు పత్రంలో అచ్చు వేయాలి. నంబరు తీసుకుని అచ్చులో మరిచిపోతే పేరు చెల్లదు. హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారమైన టైపు, ఒకే నమూనా అయి ఉండాలి, అది ఏ హెర్బేరియంలో ఉందో చెప్పాలి. "మా విభాగంలో ఉంది" అంటే చాలదు. పుణె అగార్కర్ పరిశోధన సంస్థలోని అజ్రేకర్ హెర్బేరియం, ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐ.ఎ.ఆర్.ఐ.)లోని హెచ్.సి.ఐ.ఓ. హెర్బేరియం, హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియం, ఇలాంటి గుర్తింపు ఉన్న చోట పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కూడా కొత్త జాతి దొరికితే నమూనాలు భద్రపరచడానికి నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనా జమచేయాలి. విదేశానికి నమూనా పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందు చదవండి.

పేపర్లో వార్త వచ్చినంత మాత్రాన, వాట్సాప్‌లో పీడీఎఫ్ తిరిగినంత మాత్రాన పేరు పుట్టినట్టు కాదు. ఆన్‌లైన్‌లో అయితే ఐ.ఎస్.ఎస్.ఎన్. (పత్రికల సంఖ్య) గానీ ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకాల సంఖ్య) గానీ ఉన్న ప్రచురణలో రావాలి. పీహెచ్‌డీ గ్రంథంలో మాత్రమే పెట్టిన పేర్లు సాధారణంగా చెల్లవు. అలా గాలిలో వేలాడుతున్న పేర్లు చాలానే ఉన్నాయి.

పేరులో లింగం కలవాలి. వెలిగొండల పేరు పెడితే, స్కుటెల్లీనియా స్త్రీలింగం కాబట్టి చివర "ఎన్సిస్", లాక్నమ్ నపుంసకం కాబట్టి "ఎన్సే". సొంత పేరు పెట్టుకోవడాన్ని నియమావళి ఆపదు, తోటివాళ్ల నవ్వును కూడా ఆపదు.

(ప్రశ్న: దీన్ని పెంచడం కుదురుతుందా సార్?)

కొన్నిటికి కుదురుతుంది. పెట్రీ పళ్లెం మూత లోపలివైపు వాసెలిన్‌తో గిన్నెను అంటించి, కింద 2 శాతం మాల్ట్ అగార్ అనే పోషక జెల్లీ, అందులో యాంటీబయోటిక్. గిన్నె కిందికి చూస్తూ బీజాల్ని అగార్ మీదికి చిమ్ముతుంది. గంటగంటకూ మూతను కొద్దిగా తిప్పండి, బీజాలు వేర్వేరు చోట్ల పడతాయి, బూజు పట్టిన చోటు వదిలేసి మంచిచోట నుంచి తీసుకోవచ్చు. మొలకెత్తనివి చాలా ఉంటాయి. మొలిస్తే పుణెలోనే జాతీయ శిలీంధ్ర కల్చర్ సేకరణ ఉంది, అక్కడ జమచేయండి.

(ప్రశ్న: ఒక్కటే గిన్నె దొరికితే?)

ముందు ఫోటోలు. తర్వాత స్టీరియో సూక్ష్మదర్శిని కింద సగానికి కోయండి. ఒక సగంలో సన్నటి ముక్క నీటి స్లైడుకు, మిగతా కొంచెం ఆల్కహాల్‌లోకి. రెండో సగం ముట్టకుండా ఆరబెట్టండి, టైపు అవసరమైతే అదే టైపు. కానీ పేరు అప్పుడే పెట్టకండి. ఒక్క గిన్నెతో జాతిలో మార్పు ఎంత ఉంటుందో తెలియదు. చోటుకు జీపీఎస్ గుర్తు పెట్టి, వచ్చే ఏడాది అదే కార్తెలో, అదే వాగుకు, అదే రకం పుల్లల దగ్గరికి వెళ్లండి. పొట్లం మీద పెన్సిల్‌తోనే రాయండి. బాల్ పెన్ సిరా మన తేమకు పాకుతుంది.